గుణుపురం నుంచి లేహ్‌కి కారులో: కిలోమీటర్లు కాదు తమ్ముడూ, రాత్రి పడుకునే ఎత్తు చూడు

తమ్ముడూ, నీ ప్లాన్ రెండుసార్లు చదివాను. గుణుపురం నుంచి సొంత డీజిల్ కారు, నువ్వూ మీ బావమరిదీ మార్చి మార్చి నడుపుతారు, వెనక మీ ఆవిడ, 64 ఏళ్ళ మీ నాన్నగారు, ఆయనకి బీపీ షుగర్ రెండూ ఉన్నాయి, దసరా సెలవులు కలుపుకుని మొత్తం 20 రోజులు. ఢిల్లీ మీదుగా మనాలి, మర్నాడు సర్చూలో టెంట్, ఆ మర్నాడు లదాఖ్‌లోని లేహ్, చేరిన మర్నాడే ఖర్దుంగ్ లా (లా అంటే కొండ కనుమ) ఎక్కి నుబ్రా లోయ, ఆ తర్వాత పాంగాంగ్ సరస్సు, హాన్లే, చివర్లో ఉమ్లింగ్ లా. రోజుకి 250 కిలోమీటర్లే కదా అన్నా, అయిపోద్ది కదా అని అడిగావు.

కిలోమీటర్ల ప్రకారం అయిపోద్ది. మనిషి ప్రకారం కాదు. నాకంటే చిన్నవాడివి కాబట్టి చనువుగా చెప్తున్నా, ఈ ప్లాన్‌తో మీ నాన్నగారిని తీసుకెళ్ళకు.

నేను రాయగడ వాణ్ణి, మా నాన్న లారీ నడిపేవాడు, నేను పంతొమ్మిదో ఏట స్టీరింగ్ పట్టుకున్నా, సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్, జయపురం ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. లేహ్ మాత్రం నాలుగుసార్లే, 2016, 2018, 2022, 2024. ఘాట్ రోడ్డు అంటే నాకు భయం లేదు అనుకునే మొదటిసారి వెళ్ళాను. అక్కడికెళ్ళాక తెలిసింది, సమస్య మలుపులు కాదు, గాలి. మన ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన కొండ దేవమాలి 1,672 మీటర్లు, మన జీపులు పైదాకా వెళ్ళే కొండే. మనాలి ఊరే 2,050 మీటర్లు. అంటే మన దగ్గర ఎత్తు ఎక్కడ అయిపోతుందో అంతకంటే పైనే అక్కడి రోడ్డు మొదలవుతాది. అక్కణ్ణించి బారాలాచా లా 4,850, లాచుంగ్ లా 5,059, తంగ్‌లంగ్ లా 5,328. ఆ ఎత్తులో ఒక్కో ఊపిరికి లోపలికి వెళ్ళే ఆక్సిజన్ మన ఊళ్ళో వెళ్ళేదాంట్లో ఇంచుమించు సగం.

పగలు ఎంత ఎత్తు ఎక్కి దిగావు అన్నది అంత ముఖ్యం కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నావు అన్నది ముఖ్యం. 3,000 మీటర్లు దాటాక నిన్న రాత్రి పడుకున్న చోటికంటే ఈ రాత్రి పడుకునే చోటు 500 మీటర్లకి మించి ఎత్తు ఉండకూడదు అని డాక్టర్లు చెప్పే లెక్క. నీ ప్లాన్‌లో మొదటి రాత్రి మనాలి 2,050, రెండో రాత్రి సర్చూ 4,290. ఒక్క రోజులో రెండు వేల రెండొందల మీటర్లు పైకి. ఒక దేవమాలి, దాని మీద ఇంకో మూడోవంతు దేవమాలి అన్నమాట.

సర్చూ గురించి ఇంకో మాట, దీన్ని చాలామంది చూసుకోరు. కింద ఊళ్ళో ఎవరికైనా బాగోలేకపోతే కిందికి దించేస్తాం కదా, సర్చూలో కిందికి దారి లేదు. మనాలి వైపు తిరిగితే బారాలాచా ఎక్కాలి, లేహ్ వైపు వెళ్తే లాచుంగ్ లా ఎక్కాలి. బాగోలేని మనిషిని ఇంకా పైకి ఎక్కించి అప్పుడు దించాలి.

2016లో మాకు అదే జరిగింది. నీ ప్లానే మా ప్లాను, మనాలిలో పడుకుని మర్నాడు సాయంత్రానికి సర్చూ. మా బావమరిదికి అప్పుడు 34 ఏళ్ళు, వాలీబాల్ ఆడతాడు, సిగరెట్ లేదు, మాలో అందరికంటే గట్టివాడు. టెంట్‌లోకి వెళ్ళగానే తలనొప్పి అన్నాడు, ప్రయాణం బడలిక అనుకున్నాం, టాబ్లెట్ వేసుకుని పడుకున్నాడు. రాత్రి ఒంటిగంటకి పొడి దగ్గు మొదలైంది. పడుకుంటే ఊపిరాడట్లేదని లేచి కూర్చున్నాడు. జాకెట్ వేసుకోమంటే వేసుకున్నాడు గానీ జిప్పు పట్టుకుని అలాగే ఉండిపోయాడు, కింద కొసలు రెండూ కలపడం రావట్లేదు వాడికి. మూడుసార్లు చూసి నేనే పెట్టాను, అప్పుడు టార్చ్ వెలుగులో వాడి గోళ్ళు చూస్తే నీలంగా ఉన్నాయి. టెంట్ ఓనరు ఒక ఆక్సిజన్ బాటిల్ తెచ్చిచ్చి, తెల్లారేదాకా ఆగొద్దు, వెనక్కి దించేయండి అన్నాడు. మూడింటికి బయల్దేరాం. బారాలాచా ఎక్కుతుంటే రోడ్డు మీద పారే నీళ్ళు గడ్డకట్టి అద్దంలా ఉన్నాయి, బండి రెండుసార్లు పక్కకి జారింది, వెనక సీట్లో మా చెల్లి వాడి మొహానికి మాస్క్ పట్టుకుని మజ్జి గౌరమ్మకి మొక్కుకుంటానే ఉంది. దార్చా దిగి జిస్పా చేరేసరికి తెల్లారింది. అక్కడ 3,200 మీటర్లు. రెండు గంటలు అయ్యాక వాడే అడిగాడు, బావా తినడానికి ఏమైనా ఉందా అని. మందు వల్ల కాదు, ఎత్తు తగ్గడం వల్ల తేరుకున్నాడు. ఆ ట్రిప్పులో లేహ్ చూడకుండానే ఇంటికొచ్చేశాం, ఈరోజుకీ నాకు ఆ విషయంలో బాధ లేదు.

గట్టివాడు, పెద్దాయన అని ఎత్తు చూడదు. అందుకే దారి తిప్పెయ్. మనాలి నుంచి వెళ్ళకు, శ్రీనగర్ నుంచి వెళ్ళు, మనాలి మీదుగా తిరిగి రా. శ్రీనగర్ 1,585 మీటర్లు, మర్నాడు రాత్రి కార్గిల్ 2,676, ఆ మర్నాడు లేహ్ 3,500. మధ్యలో జోజీ లా 3,528, ఫోటు లా 4,108 ఎక్కుతావు గానీ ఎక్కి దిగిపోతావు, పడుకోవు. మెట్టు మెట్టుగా వెళ్తాది ఒళ్ళు. ఈ రూట్లో ద్రాస్ దాటేటప్పుడు కార్గిల్ వార్ మెమోరియల్ దగ్గర ఒక గంట ఆగండి, 1999లో పోయిన వాళ్ళ పేర్లు గోడ మీద రాసి ఉంటాయి, మీ నాన్నగారు తప్పకుండా చూడాలంటారు.

కార్గిల్ నుంచి లేహ్ ఎత్తు ఒకేసారి ఎనిమిదొందల మీటర్లు పెరుగుతాది కదా అని నీకు డౌట్ రావచ్చు, నిజమే, అందుకే లేహ్‌లో రెండు రోజులు ఏమీ పెట్టుకోకూడదు. ఏమీ అంటే ఏమీ. మొదటి రోజు రూంలో పడుకోవడం, నీళ్ళు తాగడం, సాయంత్రం బజారు దాకా మెల్లగా నడక. శాంతి స్తూప మెట్లు కూడా రెండో రోజుకి పెట్టుకో. ఎంత బాగున్నట్టు అనిపించినా సరే. ఎత్తు ప్రభావం ఒంటి మీద కనబడటానికి ఆరు నుంచి పన్నెండు గంటలు, ఒక్కోసారి రోజు పడతాది, దిగగానే బాగుంది అని ఖర్దుంగ్ లా వెళ్ళినవాళ్ళే రాత్రికి హాస్పిటల్లో ఉంటారు. లేహ్‌లో ఎస్.ఎన్.ఎం. హాస్పిటల్ ఉంది, పూర్తి పేరు సోనమ్ నోర్బూ మెమోరియల్, ఎత్తు జబ్బుకి వాళ్ళు రోజూ చూసే కేసులే. రూం తీసుకోగానే అక్కడికి దారి ఒకసారి చూసి పెట్టుకో.

ఇక నెల. దసరా వద్దు. అక్టోబరులో మనాలి లేహ్ రోడ్డు మీద ఎప్పుడు మంచు పడి రోడ్డు మూస్తారో చెప్పలేం, టెంట్ల వాళ్ళు కూడా అప్పటికి సర్దేసుకుని కిందికి దిగిపోతుంటారు. ఆగస్టు కూడా వద్దు, ఆ టైంలో హిమాచల్ వైపు వానలు, కొండచరియలు, 2023 జూలైలో కులు మనాలి రోడ్డు బియాస్ నదిలో కొట్టుకుపోవడం నువ్వూ టీవీలో చూసే ఉంటావు. సెప్టెంబరు మొదటి మూడు వారాలు మంచివి. ఆకాశం బాగుంటాది, మంచు కరిగి పారే నాలాల్లో నీళ్ళు తగ్గిపోతాయి. పిల్లల సెలవులు లేవు కదా మీకు, మీ ఆఫీసులో మాట్లాడుకుని ముందుకి జరుపుకో, దీనికోసం ఎంత బతిమాలుకున్నా పర్లేదు.

20 రోజులు ఇలా వాడు. గుణుపురం నుంచి రాయగడ, భవానీపట్నం, రాయ్‌పూర్, జబల్‌పూర్, ఝాన్సీ మీదుగా ఢిల్లీకి మూడు రోజులు, ఇందులో నాన్నగారినీ మీ ఆవిడనీ ఎక్కించకు, వాళ్ళని రాయగడలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కించు, హజ్రత్ నిజాముద్దీన్‌లో దిగుతారు, మీరు స్టేషన్‌కెళ్ళి తెచ్చుకోండి. 64 ఏళ్ళ మనిషి మూడు రోజులు కారులో కూర్చుని కాళ్ళు వాచిపోయి కొండకి రావడం ఎందుకు. నాలుగో రోజు జమ్మూ, ఐదు శ్రీనగర్, ఆరు కార్గిల్, ఏడు లేహ్, ఎనిమిది తొమ్మిది రెస్ట్. పదో రోజు నుబ్రా, అక్కడే రాత్రి, పదకొండు తిరిగి లేహ్. పన్నెండు పాంగాంగ్ పొద్దున్నే వెళ్ళి రాత్రికి వెనక్కి. పదమూడు లేహ్ నుంచి జిస్పా, పద్నాలుగు మనాలి, పదిహేను ఢిల్లీ వైపు, పద్దెనిమిదికి ఇల్లు. మిగిలిన రెండు రోజులు ఖాళీగా వదిలెయ్. అవి కొండవి, మనవి కావు. ఎక్కడో చరియ పడి ఒక పూట ఆగాలి, ఎవరికో ఒంట్లో బాగోక ఇంకో రోజు లేహ్‌లో ఉండాలి, వాటికి. ఖాళీ రోజు లేని ప్లాన్‌లోనే జనం రాత్రుళ్ళు కొండ దిగుతారు.

హాన్లే, ఉమ్లింగ్ లా తీసేశాను, చూశావా. ఉమ్లింగ్ లా 5,798 మీటర్లు, నేపాల్ వైపు ఎవరెస్ట్ బేస్ క్యాంప్ 5,364 అంటే దానికంటే ఎత్తు. మన బీఆర్ఓ వాళ్ళు, అంటే సరిహద్దు రోడ్లు వేసే సంస్థ వాళ్ళు, అక్కడ తారు రోడ్డు వేయడం గర్వపడాల్సిన విషయమే గానీ బీపీ షుగర్ ఉన్న పెద్దాయనతో వెళ్ళే చోటు కాదు. మీ ఇద్దరు కుర్రాళ్ళే ఇంకోసారి వెళ్ళండి.

నుబ్రాకి ఖర్దుంగ్ లా ఎక్కాలి, లేహ్ నుంచి 40 కిలోమీటర్లు, పాత బోర్డు మీద 18,380 అడుగులు అని ఉండేది, అసలు ఎత్తు 5,359 మీటర్లు, అంటే 17,600 అడుగులకి కొంచెం తక్కువ. పైన పదిహేను నిమిషాలు, ఒక ఫోటో, దిగిపోవాలి. టీ, మ్యాగీ అంటూ కూర్చోవద్దు. దిగాక నుబ్రాలో హుందర్ అనే ఊరు లేహ్ కంటే తక్కువ ఎత్తు, అక్కడ నాన్నగారికి హాయిగా నిద్ర పడతాది. పాంగాంగ్ ఒడ్డున పడుకోవడం మాత్రం వద్దంటాను, 4,200 మీటర్ల పైన, రాత్రి చలిగాలి, హాస్పిటల్ చాలా దూరం. పొద్దున్న ఐదింటికి బయల్దేరితే చాంగ్ లా దాటి వెళ్ళి చూసి రాత్రికి లేహ్ వచ్చేయొచ్చు, అలసట ఉంటాది, అయినా అదే మేలు.

తిరుగు దారి గురించి. అప్పటికి మీ ఒళ్ళు వారం రోజులు ఎత్తులో అలవాటు పడి ఉంటాది కాబట్టి మనాలి రోడ్డు అసలు అందం అప్పుడు చూస్తారు. లేహ్ నుంచి జిస్పా 330 కిలోమీటర్ల పైచిలుకు, పన్నెండు గంటల పని, పొద్దున్న నాలుగున్నరకి బండి కదలాలి. తంగ్‌లంగ్ లా దిగగానే మోరే ప్లెయిన్స్, నలభై కిలోమీటర్ల మైదానం, 4,700 మీటర్ల ఎత్తులో బల్లపరుపుగా, అక్కడ యాక్సిలరేటర్ నొక్కాలనిపిస్తాది, నొక్కకు, రోడ్డు ఉన్నట్టుండి కుంగి ఉంటాది. పాంగ్‌లో వేడిగా రాజ్మా అన్నం తిని ముందుకెళ్తే లాచుంగ్ లా, నకీ లా, తర్వాత గాటా లూప్స్, 21 హెయిర్‌పిన్ మలుపులు. అక్కడ ఒక మలుపులో నీళ్ళ బాటిళ్ళ గుట్ట ఉంటాది. పాడైపోయిన లారీకి కాపలా ఉన్న క్లీనరు మంచులో చిక్కుకుని నీళ్ళు లేక చనిపోయాడని, అందుకే దారిన పోయేవాళ్ళు నీళ్ళు పెడతారని చెప్తారు. మా నాన్న క్లీనరుగా మొదలుపెట్టిన మనిషి. నేను ఆగి ఒక బాటిల్ పెట్టకుండా ఎప్పుడూ దాటలేదు.

డ్రైవింగ్ నీకు కొత్త కాదు కాబట్టి రెండు మూడే చెప్తా. ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాలి అన్న మన ఘాట్ సూత్రమే అక్కడా, బ్రేకు మీద కాలేసుకుని దిగితే సగంలో బ్రేకు పని చేయదు. ఎక్కే బండికి దారి ఇవ్వాలి. పైన ఇంజను కూడా గాలి సరిపోక బరువుగా లాగుతాది, కంగారుపడి హాఫ్ క్లచ్‌లో పెట్టి రేజ్ చేశావంటే క్లచ్ ప్లేట్ కాలిపోద్ది, అక్కడ మెకానిక్ దొరకడు. నాలాలు మధ్యాహ్నం లోపే దాటెయ్, ఎండెక్కే కొద్దీ పైన మంచు కరిగి నీళ్ళు పెరుగుతాయి, పొద్దున్న చీలమండ లోతు ఉన్నది సాయంత్రానికి మోకాలు దాటుతాది. దాటే ముందు మునుపటి బండి ఎటు వెళ్ళిందో చూసి ఆ గీతలోనే, ఫస్ట్ గేర్లో, ఆపకుండా. డీజిల్ లేహ్‌లో గానీ, దారిలో కారూ అనే ఊళ్ళో గానీ ఫుల్ కొట్టించు. కీలాంగ్ దగ్గర తాండి బంకులో తర్వాతి బంకు 365 కిలోమీటర్లకి అని పెద్ద బోర్డు ఉండేది, నువ్వు అటునుంచి వస్తున్నావు గానీ లెక్క అదే. జిస్పా నుంచి మనాలి ఇప్పుడు కష్టమే లేదు, 2020 అక్టోబరులో అటల్ టన్నెల్ తెరిచారు, 9 కిలోమీటర్లు, 46 కిలోమీటర్ల దారి తగ్గింది, టన్నెల్‌లో వెళ్ళేవాళ్ళకి రోహ్‌తాంగ్ పర్మిట్ అక్కర్లేదు.

రోడ్డు పక్కన రాళ్ళు తీస్తూ, తారు కలుపుతూ ఉండేవాళ్ళని చూస్తావు, చాలామంది ఝార్ఖండ్ దుమ్కా వైపు నుంచి వచ్చినవాళ్ళు, మనలాంటి ఊళ్ళవాళ్ళే, అంత చలిలో మొహానికి గుడ్డ చుట్టుకుని పని చేస్తుంటారు. బెల్లం, వేరుశనగ చిక్కీ రెండు కిలోలు ఎక్కువ పట్టుకెళ్ళి దారిలో ఇవ్వు. వాళ్ళ వల్లే మనం వెళ్తున్నాం.

మందుల సంగతి. బయల్దేరే నెల ముందు నాన్నగారిని ఆయన్ని రోజూ చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, 3,500 మీటర్లలో వారం ఉంటాం, 5,300 దాకా ఎక్కి దిగుతాం అని అంకెలతో చెప్పు, కాశ్మీర్ టూర్ అని చెప్పకు. ఈసీజీ తీయమను, బీపీ మాత్రలు మార్చాలా అడుగు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి అడుగు, సల్ఫా మందులు పడనివాళ్ళు వేసుకోకూడదు, వేసుకుంటే వేళ్ళు తిమ్మిర్లెక్కుతాయి, ఒంటికి ఎక్కువ వెళ్ళాలనిపిస్తాది, అది మామూలే. షాపులో కొనేసి సొంతంగా వేసేయకు. ఇన్సులిన్ అయితే డిక్కీలో పెట్టొద్దు, రాత్రి గడ్డకడితే పనికిరాదు, దుప్పట్లో తన దగ్గరే ఉంచుకోవాలి. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ ఒకటి కొను, లేహ్‌లో 85 నుంచి 92 మధ్య చూపించి మనిషి బాగా తిని మాట్లాడుతుంటే భయపడకు. అంకె కంటే మనిషిని చూడు. తలనొప్పి, వికారం ఉంటే ఆ రోజు ఎక్కడం ఆపెయ్. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, మాట తడబడటం, గీత మీద తిన్నగా నడవలేకపోవడం, వీటిలో ఒక్కటి కనబడినా అర్ధరాత్రైనా దించెయ్, పొద్దున్న చూద్దాం అనొద్దు. మీ బావమరిదికి కూడా చెప్పు, అక్కడ మందు ముట్టొద్దు, చలికి ఒక పెగ్ అంటారు, అదే ముంచేది. నిద్ర మాత్రలూ వద్దు.

చిన్నవి కొన్ని మర్చిపోకముందే రాసేస్తా. బయట రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లదాఖ్‌లో పనిచేయదు, ఇంట్లో ఇద్దరి ఫోన్లైనా పోస్ట్‌పెయిడ్ చేయించండి, జిస్పా లేహ్ మధ్య అదీ నమ్ముకోవద్దు, ఇంట్లో ముందే చెప్పి వెళ్ళండి. నుబ్రా, పాంగాంగ్‌కి లేహ్‌లో ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి, ఆ కాగితం నాలుగైదు జిరాక్స్ కాపీలు పెట్టుకో, చెక్‌పోస్టుల్లో ఇవ్వాలి. కారు ఆర్సీ నీ పేరు మీదే ఉందా నాన్నగారి పేరు మీదా చూసుకో, బయట నుంచి అద్దెకి తెచ్చిన సెల్ఫ్ డ్రైవ్ బండి అయితే అక్కడి ట్యాక్సీ వాళ్ళు ఆపేస్తారు, ఆర్సీ చూపిస్తే గొడవ ఉండదు. మీ ఆవిడ బియ్యం పట్టుకొస్తానంటే కుక్కర్ మర్చిపోవద్దను, లేహ్‌లో నీళ్ళు 88 డిగ్రీలకే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో అన్నం పలుకు పలుకుగానే ఉండిపోద్ది.

ముందు నాన్నగారి డాక్టరు ఏమన్నారో, ఈసీజీ ఎలా వచ్చిందో రాయి. దాన్నిబట్టి పాంగాంగ్ రోజు ఉంచాలా, అది కూడా తీసేసి లేహ్‌లో ఇంకో రోజు కలపాలా చెప్తా. రూములు అప్పటిదాకా బుక్ చేయకు.